తుడిచిన టమాటాలు

ఆమెకి తుడుపులమ్మ అని పేరు పెట్టింది సొంత మరిదే. ఆమె కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో అతను భోజనానికి కూర్చుంటే కంచం తుడిచింది, గ్లాసు తుడిచింది, బల్ల తుడిచింది, మళ్ళీ కంచం తుడిచింది. ఆకలితో నకనకలాడుతున్న మరిది చేతులు జోడించి, "వదినా, ఇక మిగిలింది నా మూతే. అది తిన్నాక తుడుచుకుంటాలే, ముందు వడ్డించు" అన్నాడు. ఆ రోజు పడిన పేరు మరి ఊడలేదు. ఊడాలని ఆమె కోరుకోనూ లేదు. మురికిగా ఉందనిపించుకోవడం కంటే తుడుపులమ్మ అనిపించుకోవడం వెయ్యి రెట్లు నయం కదా!

ఆమె ఎడమ భుజం మీద ఎప్పుడూ ఒక నూలు గుడ్డ ఉండేది. మనిషి కంటే ముందు ఆ గుడ్డే గుమ్మం దాటి వస్తుందని వీధిలో వాళ్ళు అనేవాళ్ళు. తలుపు గొళ్ళెం, సైకిలు సీటు, నీళ్ళ పంపు పిడి, పక్కింటివాళ్ళు అప్పుగా అడిగిన చెంచా, దేన్నీ తుడవకుండా చేతిలోంచి వదిలేది కాదు. భర్త ఇందుకు ఎన్నడూ అడ్డు చెప్పేవాడు కాదు. ఆయన మాటలు దాచుకునే మనిషి. పొలం నుంచి వచ్చి చెప్పులు గుమ్మం బయట విప్పేవాడు, కాళ్ళు కడుక్కునేవాడు, అయినా ఆమె చూపు తన పాదాల మీదే ఉందని గమనించి మళ్ళీ కడుక్కునేవాడు. నోరు తెరిచి ఏమీ అనేవాడు కాదు.

ఊరి చివర వాళ్ళకి కూరగాయల పొలం ఉంది. ఒకప్పుడు ఒకటే పొలం. అన్నదమ్ములు పంచుకున్నాక మధ్యలో ఒక గట్టు వేశారు. గట్టుకి ఇటు అన్న, అటు తమ్ముడు. ఇద్దరూ టమాటా, కీరా, వంకాయ వేసేవాళ్ళు. అందరిలాగే మందులు కొట్టేవాళ్ళు. పురుగు కనిపిస్తే కొట్టేవాళ్ళు, కనిపించకపోతే రాకుండా కొట్టేవాళ్ళు.

మందు కొట్టిన రోజు భర్త విప్పిన చొక్కా తుడుపులమ్మకి పెద్ద సవాలుగా ఉండేది. నానబెట్టి ఉతికేది, వేడినీళ్ళలో ఉడికించి ఉతికేది, ఎండలో రోజంతా ఆరేసేది. సాయంత్రం తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ వాసన అలాగే ఉండేది. ఆమె చేతికి లొంగని మరక ఆ ఇంట్లో ఇంకోటి లేదు. పంతం పట్టి మళ్ళీ నానబెట్టేది.

ఒక మధ్యాహ్నం మందు కొడుతూ కొడుతూ ఆయన సాలు మధ్యలో కూలబడిపోయాడు. చేతులు వణుకుతున్నాయి, నోటి వెంట చొంగ కారుతోంది, పిలిస్తే పలకడం లేదు. గట్టు అవతలి నుంచి తమ్ముడు పరుగున వచ్చి, అన్నని వీపున వేసుకుని రోడ్డు దాకా మోశాడు. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉండి, మనిషి దక్కాడు. ఇంటికి వచ్చిన రోజున తుడుపులమ్మ ఆయన ఎదురుగా కూర్చుని అంది:

"నేను ఉతికితే పోని వాసన అది. చొక్కాకి పట్టిందే పోవడం లేదు, ఒంటికి పట్టింది పోతుందా? ఇక ఆ మందు డబ్బా మన గడప తొక్కడానికి వీల్లేదు."

"పురుగులో?" అన్నాడాయన.

"తిననివ్వండి. అవి తినగా మిగిలిందే మనం అమ్ముకుందాం."

అలా మొదలైంది. మొదటి పంటలో పురుగులు తినగా మిగిలింది చాలా తక్కువ. ఆకుల కషాయం కాచి చల్లారు, పేడ ఎరువు పోశారు, సాళ్ళ మధ్య బంతిపూలు వేశారు. కాయలు చిన్నవిగా, మచ్చలతో కాశాయి. చూసినవాళ్ళు చాటుగా నవ్వుకున్నారు. మరిది మాత్రం ఎదురుగానే నవ్వాడు. నవ్వి, ఒక మాట ఇచ్చాడు.

"నేను మందు మానలేను వదినా, నాకంత ధైర్యం లేదు. కానీ గట్టు పక్కనున్న నా సాళ్ళు వదిలేస్తాను. వాటికి ఒక్క చుక్క కొట్టను. పురుగులు అక్కడే కడుపు నింపుకుని మీ వైపు రాకుండా ఉంటాయేమో చూద్దాం."

పురుగుల మాట పైకే, నిజానికి గాలికి మందు ఇటు ఎగిరి రాకుండా అతను చేసిన ఏర్పాటు అది. ఆ సాళ్ళ పంట ఏటా పురుగుల పాలే. ఆ మాటకి ఆమె పెద్దగా విలువ ఇవ్వలేదని ఇక్కడే చెప్పేస్తున్నాను. మన కోసం ఎవరైనా చేతిలోది వదులుకుంటే మనకి అది వాళ్ళ మంచితనంలా కాక మన హక్కులా కనిపిస్తుంది. తుడుపులమ్మా మనిషే.

వారాంతంలో పట్నం సంతలో బల్ల వేసుకుని అమ్మేవాళ్ళు. ఇంటి వెనకున్న సరుకు గదిలో కూర్చుని ఆమె ఒక్కో టమాటానీ చేతిలోకి తీసుకుని, భుజం మీది గుడ్డతో చుట్టూ తుడిచి, తొడిమ కింద కూడా తుడిచి, బుట్టలో పేర్చేది. ఆ గదిలో అరల మీద మడత పెట్టిన గుడ్డలు దొంతరగా ఉండేవి. ఒకటి మాసిపోతే ఇంకోటి తీసుకునేది. పండు వాసనకి చీమలు బారులు తీరేవి కాబట్టి అరల అంచున, గోడ వారన కొట్లో కొన్న తెల్లటి పొడి గీతలా పోసేది. చీమలంటే ఆమెకి దుమ్ము కంటే ఎక్కువ కోపం.

సంతలో ఆమె మాట అందరికీ తెలుసు. "మావి కడగక్కర్లేదమ్మా. మందు ముట్టని కాయలు, పైగా నా చేత్తో తుడిచాను. కళ్ళు మూసుకుని కొరుక్కోండి." కొందరు అక్కడే కొరికేవాళ్ళు. అది చూసి ఆమె ముఖం విప్పారేది.

అందరికంటే ముందు కొరికేది మరిది కూతురు. చిన్నది రోజూ బడి నుంచి రాగానే గట్టు దూకి వచ్చి, సరుకు గది గుమ్మంలో నిలబడి చెయ్యి చాపేది. "పెద్దమ్మా, పెద్దది!" తుడుపులమ్మ ఉన్నవాటిలో ఎర్రటిది ఏరి, ఒకటికి రెండుసార్లు తుడిచి ఆ చేతిలో పెట్టేది. చిన్నది మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తింటుంటే, ఆ మోచేతులు కూడా తుడిచేది.

మూడేళ్ళు ఇలా గడిచాక, మందులు లేకుండా పండిస్తున్నామని ఇచ్చే సేంద్రియ పత్రం కోసం అర్జీ పెట్టుకున్నారు. ఊళ్ళోని ఆసుపత్రి వంటగదివాళ్ళు, పత్రం ఒకటి చూపిస్తే పండిందంతా మేమే తీసుకుంటామన్నారు. అప్పట్లో భర్తని చేర్చిన ఆసుపత్రే అది. అక్కడి రోగులు తన టమాటాలు తింటారన్న ఊహే ఆమెకి చాలా గొప్పగా ఉండేది. ఆ పత్రం గోడకి ఎక్కడ తగిలించాలో కూడా చూసుకుంది. గోడ తుడిచి పెట్టుకుంది.

తనిఖీకి ఒక మేడమ్ వచ్చింది. సన్నగా, ఎండకి కమిలిన ముఖంతో, మట్టిలోకి దిగడానికి వెనకాడని మనిషి. పొలమంతా తిరిగి, తనే ఎంచి టమాటాలు కోసి బుట్టలో వేసింది. బుట్ట సరుకు గది బల్ల మీద పెట్టి, ఎరువు గుంట చూడ్డానికి భర్త వెంట వెళ్ళింది. తుడుపులమ్మ బుట్ట వైపు చూసింది. కాయల మీద దుమ్ము ఉంది, ఒకదానికి మట్టి అంటుకుని ఉంది. పరీక్షకి వెళ్ళే పిల్లని తల దువ్వకుండా పంపుతామా? గబగబా అన్నీ తుడిచేసింది. మేడమ్ తిరిగి వచ్చి వాటిని సంచిలో వేసి మూతి బిగిస్తూ, "భలే మెరుస్తున్నాయే!" అంది. తుడుపులమ్మ సిగ్గుపడి నవ్వింది.

కొన్నాళ్ళకి తనిఖీ మేడమ్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. టమాటాల మీద ఉండకూడని మందు ఆనవాలు దొరికింది. ఆవగింజంతే కానీ దొరికింది. కారణం తేలేదాకా పత్రం ఆగిపోయింది.

 ఫోను పెట్టేసిన భర్త కుర్చీలో కూర్చుని నేల వైపు చూస్తున్నాడు. తుడుపులమ్మ చూపు మాత్రం కిటికీలోంచి గట్టు మీదకి పోయింది.

"మనం కొట్టలేదు. మరి ఎవరు కొట్టారు?" అంది.

"వాడు కొట్టడు," అన్నాడాయన.

"మొన్న గాలి వీచిన రోజున వీపుకి మందు ట్యాంకు తగిలించుకుని తిరగడం నా కళ్ళతో చూశాను."

"ఆ చివరనే. ఇటు రాడు."

"మీ తమ్ముడు కదా, మీకు అలాగే కనిపిస్తాడు."

ఆయన అప్పుడే ఆపి ఉంటే బాగుండేది. ఆమె విసురుగా గట్టు దగ్గరికి వెళ్ళి మరిదిని కేకేసింది. చుట్టుపక్కల పొలాల్లోవాళ్ళు నడుములు ఎత్తి మరీ చూశారు.

"మాటిచ్చి ఇలా చేస్తావా? మూడేళ్ళ కష్టం! మీ అన్నయ్య ఒళ్ళు గుల్లయిందని తెలిసీ ఇంత పని చేస్తావా?"

అతనికి సంగతి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది.

"నేను ఇటు కొట్టలేదు వదినా. నమ్మకపోతే ఈ సాళ్ళు చూడు, ఎలా ఉన్నాయో."

ఆ సాళ్ళలో ఆకులు జల్లెడలా ఉన్నాయి. మందు పడిన చెట్లు అలా ఉండవని పొలం పని తెలిసిన ఎవరైనా చెబుతారు. ఆమెకీ తెలుసు. కానీ ఆమె ఆకుల వైపు చూడనేలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

"మరి మందు ఆకాశం నుంచి ఊడిపడిందా?" అంది.

 ఆమె వెనకాల నిలబడి టమాటా కొరుకుతున్న కూతుర్ని పిలిచాడు. "ఇంటికి రా అమ్మా." చిన్నది ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, సగం కొరికిన కాయతోనే గట్టు దిగి వెళ్ళింది.

ఆ తర్వాత రోజులు చప్పగా గడిచాయి. సాయంత్రాలు అన్నదమ్ములు గట్టు మీద పక్కపక్కన కూర్చునే అలవాటు ఆగిపోయింది. పెద్దాయన ఇంట్లో కూర్చునేవాడు, మాటలు మరీ తగ్గించేశాడు. తోటికోడలు వీధిలో ఎదురైతే పలకరించేది, కానీ ఆగేది కాదు. బడి వదిలే వేళకి తుడుపులమ్మ చెయ్యి దానంతటదే ఒక ఎర్రటి కాయని ఏరి పక్కన పెట్టేది. గుమ్మంలోకి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. తప్పు చేసినవాళ్ళకే అంత పౌరుషం ఉంటే నాకెంత ఉండాలి అని ఆ కాయని మళ్ళీ బుట్టలో వేసేది. రోజూ వేసేది. రోజూ ఏరేది.

తనిఖీ మేడమ్ మళ్ళీ వచ్చింది. ఆ వేళ భర్త పొలంలో ఉన్నాడు. తుడుపులమ్మ కుర్చీ తుడిచి వేసింది. మేడమ్ కూర్చోకుండానే విషయంలోకి దిగింది.

"దొరికిన మందు ఏదో తేలిందమ్మా. ఇది పొలాల్లో కొట్టేది కాదు. పక్కచేను నుంచి గాలికి వచ్చిందీ కాదు. ఇళ్ళల్లో చీమలకీ బొద్దింకలకీ వాడతారు. మీ ఇంట్లో ఏమైనా మందులున్నాయా?"

"చచ్చినా ఉండవు," అంది తుడుపులమ్మ రోషంగా. "మా ఆయన్ని ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నాక మందు డబ్బా గడప తొక్కలేదు."

"సరుకు గది ఒకసారి చూస్తాను."

"చూడండి, అద్దంలా ఉంటుంది."

నిజంగానే అద్దంలా ఉంది. మేడమ్ గదంతా చూసి, అర దగ్గర ఆగింది. అంచున తెల్లటి గీత. గీత పక్కనే గుడ్డల దొంతర. కింది గుడ్డ అంచుకి కూడా తెల్లగా అంటుకుని ఉంది.

"ఇదేంటమ్మా?"

"అదా? చీమల పొడి," అంది, ఉప్పు డబ్బా చూపించినంత మామూలుగా.

మేడమ్ ఆమె భుజం వైపు చూసింది. "ఆ రోజు నేను కోసి పెట్టిన టమాటాలు మీరు తుడిచారా?"

"తుడవకుండా ఎలా పంపిస్తానమ్మా, అంత దుమ్ముతో..."

మాట సగంలో ఆగిపోయింది. ఆమె చెయ్యి మెల్లగా భుజం మీదకి వెళ్ళి, గుడ్డని తీసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. పొడి వాసన సన్నగా తగిలింది. రోజూ ఆ గదిలో ఉండే వాసనే, శుభ్రంగా ఉన్న గది వాసన అనుకునే వాసనే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, ఆమె ఊరంతా వెతకడమే కాదు, ఇంకొకరి మీద దొంగతనం కూడా మోపింది.

ఆమె పొలంలో కొట్టేదాన్నే మందు అనుకుంది. ట్యాంకులో పోసేది, మనిషిని పడగొట్టేది, చొక్కాకి అంటుకునేది. కొట్టు అరలో సబ్బు పక్కన అమ్మే పొడిని ఆమె ఏనాడూ ఆ లెక్కలో వెయ్యలేదు. అది శుభ్రత కిందకి వస్తుంది కదా.

"అమ్మేవన్నీ ఇలాగే తుడుస్తారా?" అడిగింది మేడమ్, మెత్తగానే.

"అన్నీ."

"దొరికింది చాలా తక్కువ, కంగారు పడకండి. కానీ ఈ గది ఖాళీ చేసి కడగాలి, గుడ్డలు పారెయ్యాలి. వచ్చే పంట నుంచి మళ్ళీ కాయలు తీసుకుంటాను. ఈసారికి పత్రం రాదు." గుమ్మం వైపు నడుస్తూ అంది, "కారణం మా దగ్గరే ఉంటుంది. ఊళ్ళో చాటింపు వేయాల్సిన పనేమీ లేదు."

మేడమ్ వెళ్ళిపోయింది. తుడుపులమ్మ గదిలో నేల మీద కూర్చుంది. పత్రం గురించి ఆలోచన రాలేదు, ఆసుపత్రి వంటగది గుర్తు రాలేదు. రెండుసార్లు తుడిచి ఇచ్చిన ఎర్రటి టమాటా, దాన్ని కొరుకుతున్న చిన్న పళ్ళు, అవే కళ్ళ ముందు నిలిచాయి. అందరికీ ఒకసారి తుడిచింది. చిన్నదానికి ప్రేమ కొద్దీ రెండుసార్లు తుడిచింది. ఆమెకి ఏడుపు వచ్చింది. కళ్ళు తుడుచుకోవడానికి గుడ్డ ఎత్తబోయి, దాన్ని దూరంగా విసిరేసి, ముంజేత్తో తుడుచుకుంది.

ఊరుకుంటే ఊరుకోవచ్చు. మేడమ్ ఎవరికీ చెప్పదు. వచ్చే పంటకి పత్రం వస్తుంది, మరిది మీద పడిన నింద మెల్లగా పాతబడుతుంది, మనుషులు మర్చిపోతారు. ఈ ఆలోచన ఆమెకి రాలేదని నేను చెప్పను. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా. కానీ ఇంట్లో మరక ఉందని తెలిసి దాని మీద చాప కప్పేసే రకం కాదు ఆమె.

భర్త రాగానే అంతా చెప్పింది. ఆయన కాళ్ళు కడుక్కోవడం ఆపి విన్నాడు. పూర్తయ్యాక అన్నాడు:

"నాకెందుకు చెప్పడం? వాడికి చెప్పు."

"మీరూ రండి."

"నింద వేసిన రోజు నువ్వొక్కదానివే వెళ్ళావు."

ఆయన ఆమెతో అంత కటువుగా మాట్లాడింది అదొక్కసారే. ఆమె ఒంటరిగానే గట్టు దాటింది. భుజం మీద గుడ్డ లేదు. దారిలో వదిలేసిన సాళ్ళని ఈసారి చూసింది. ఒక్కో ఆకూ చూసింది. పురుగులు తినగా ఈనెలే మిగిలాయి. మూడేళ్ళుగా అతను ఆ సాళ్ళని తన కళ్ళ ముందే పురుగులకి వదిలేశాడు.

మరిది ఇంటి గుమ్మం ముందు బుట్ట అల్లుకుంటున్నాడు. తోటికోడలు పక్కనే ఉంది. తుడుపులమ్మ కూర్చోలేదు, నిలబడే చెప్పింది. చీమల పొడి, గుడ్డ, మెరిసిన టమాటాలు, ఏదీ దాచలేదు. "నువ్వు కొట్టలేదు. నేనే పూశాను. అందరూ వింటుండగా నిన్ను అన్నాను, కాబట్టి అందరూ వింటుండగానే తప్పు నాదని చెబుతాను," అంది.

అతను నవ్వుతాడేమో అని ఆమెకి లోపల ఎక్కడో ఆశ. అతను నవ్వలేదు.

"కోపం లేదని అబద్ధం చెప్పను వదినా," అన్నాడు. "అన్నయ్యని వీపున వేసుకుని మోసినవాణ్ణి నేను. ఆ మాట నువ్వు ఎలా అనగలిగావో నాకు అర్థం కాలేదు."

 అప్పుడు తోటికోడలు మెల్లగా అడిగింది:

"అక్కా, మరి చిన్నది రోజూ తినేది కదా?"

"తినేది," అంది తుడుపులమ్మ. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకి ఒంట్లో సత్తువంతా కావాల్సి వచ్చింది. "డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. నేనూ వస్తాను. రావద్దంటే వాకిట్లో కూర్చుంటాను."

డాక్టరు చిన్నదాన్ని చూసి, అంతా విని, పిల్లకి ఏమీ లేదన్నాడు. పొలందైనా పెరటిదైనా, ఎవరు ఎంత నమ్మకంగా ఇచ్చినా, నీళ్ళతో కడుక్కుని తినమన్నాడు. చివరి మాట తుడుపులమ్మ వైపు చూసి అనలేదు కానీ ఆమెకే తగిలింది.

అన్నట్టే ఆమె పొలాల్లోవాళ్ళందరికీ చెప్పింది. సంతలో కొన్నవాళ్ళకి కూడా చెప్పింది. కొందరు మెచ్చుకున్నారు, కొందరు మళ్ళీ ఆ బల్ల వైపు రాలేదు. సరుకు గది ఖాళీ చేసి కడిగింది, గుడ్డలు పారేసింది. చీమలు బారులు తీరి వచ్చాయి. అరల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టింది. చీమలు నీటి అంచు దాకా వచ్చి, మీసాలు ఊపి వెనక్కి వెళ్ళిపోయేవి.

తర్వాతి పంటకి మేడమ్ వచ్చి టమాటాలు కోసింది. దుమ్ముతో, మట్టితో, ఒకదానికి ఎండుటాకు అంటుకుని. తుడుపులమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. గట్టు మీద అన్న పక్కన కూర్చున్న తమ్ముడు చూసి, "తాడు తెమ్మంటావా వదినా, కట్టేయడానికి?" అని కేకేశాడు. చాలా నెలల తర్వాత అతను వేసిన మొదటి పరాచికం అది. ఆమె నవ్వబోయి ఏడ్చింది.

ఆ సాయంత్రం బడి వదిలిన వేళ సరుకు గది గుమ్మంలో నీడ పడింది. చిన్నది నిలబడి ఉంది. కాస్త పొడుగైంది. వెనకాల గట్టు మీద తోటికోడలు, తనే పంపించినట్టు, ఇటే చూస్తోంది.

"పెద్దమ్మా, పెద్దది," అంది చిన్నది, మునుపటి కంటే చిన్న గొంతుతో.

తుడుపులమ్మ ఎర్రటిది ఏరి ఇచ్చింది. చిన్నది నోటి దాకా తీసుకెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, కాయని తిరిగి చాపింది. "తుడవలేదు నువ్వు."

ఆమె చెయ్యి భుజం మీదకి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. ఆ చేత్తోనే చిన్నదాని చెయ్యి పట్టుకుంది.

"పంపు దగ్గరికి రా," అంది. "నీ చేత్తో నువ్వే కడుక్కో. నేను చూస్తుంటాను."